లైబ్రరీకి పడ్డ మార్కులు

మన ఊరు, రంగుల కొట్టు పైగది
వానలు ముదిరిన వారం

మహా గంభీరమూర్తీ, సర్కారువారి కలమూ అయిన మా అక్కగారి సముఖానికి,

బోర్డులు రాసుకుని బతికే తమ్ముడు వంగి వంగి దణ్ణం పెట్టి, నడుం పట్టేసి, లేవలేక కూర్చునే రాస్తున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. బావ కూడా క్షేమమే అనుకుంటాను. ఆయన గురకని మీ పక్కింటివాళ్ళు ఇంకా భరిస్తున్నారంటే వాళ్ళూ క్షేమమే.

ఇక అసలు సంగతి. మొన్న బడి దగ్గర మీ ఆఫీసు జాబితా అతికించారు. ఊరు ఊరంతా వెళ్ళి చూసింది. నేనూ వెళ్ళాను. ఎనిమిదో తరగతిలోనే చదువు నన్ను వదిలి పారిపోయింది కదా, వేలు పెట్టి ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ గ్రాంటు వరసంతా చదివాను. మన బడి లేదు. పక్క వరసలో ఉంది. ఆ వరస నెత్తిన 'అప్పు' అని రాసుంది.

వెనక గదులు నీకు గుర్తుండే ఉంటాయి. నువ్వు ఫస్టు మార్కులు తెచ్చుకున్న గదులు, నేను బయట గోడకుర్చీ వేసిన గదులు. వాటి కప్పు ఇప్పుడు ఆకాశానికి అక్కచెల్లెలు. ఇంజనీరు వచ్చి చూసి, అందులో పిల్లల్ని కూర్చోబెట్టొద్దని రాసిపోయాడు. పై తరగతులన్నీ వరండాలోనే. జల్లు కొడితే లెక్కల మేష్టారు గొడుగేసుకుని గుణకారాలు చెబుతాడు. గొడుగు కింద ఆయనొక్కడే పడతాడు కాబట్టి లెక్కలు కూడా ఆయనకొక్కడికే వస్తున్నాయి.

గ్రాంటయితే కొత్త గదులు ఊరికే వస్తాయట. అప్పయితే ఊరు తీర్చాలట. ఇంటి పన్నుకి తోక తగిలించి, ఏళ్ళ తరబడి. దానికి చలికాలంలో ఊరి సభ పెట్టి ఒప్పించాలి. ఒప్పుకోకపోతే అప్పూ లేదు, గదులూ లేవు. పై తరగతులు ఎత్తేస్తారు. బస్సెక్కించి పట్నం పంపగలిగినవాళ్ళు పంపుతారు, లేనివాళ్ళు మాన్పిస్తారు. ముందు మానేది ఎవరో నీకు చెప్పక్కర్లేదు, ఆడపిల్లలే. రొట్టెల కొట్టాయన అప్పుడే మొదలెట్టాడు: "అప్పు చేసి కట్టిన గదిలో కూచుంటే మావాడు పాసవుతాడని రాసిస్తారేంటయ్యా?"

ఈ గ్రాంటూ అప్పూ మీరు ఎలా పంచుతారు? చీట్లు తీస్తారా, బొమ్మా బొరుసా వేస్తారా? మన బడికన్నా బీద బడి ఎక్కడుందని? ఎవరో ఎక్కడో ఏదో పొరపాటు చేశారు అక్కా. నీ పుణ్యమా అని కాస్త కనుక్కుని చెప్పు.

ఇట్లు,
నువ్వు ఎత్తుకుని మోసిన బరువు

*

ఆఫీసు, నిధుల విభాగం
మధ్యాహ్నం విరామంలో

తమ్ముడికి,

ఉత్తరం అందింది. గురక సంగతి బావకి చదివి వినిపించాను. నవ్వారు.

పంపకం చీట్లతో జరగదు. బడుల కోసం ఖజానాలో ఉన్న సొంత డబ్బు కొంచెమే. అది జనం కట్టిన పన్నుల్లోంచి వచ్చింది కాబట్టి, బడికి ఇచ్చాక తిరిగి అడగరు. అది గ్రాంటు. అది అందరికీ చాలదు. అందుకని మిగతాది సర్కారే బయట అప్పు తెచ్చి, బడులకి అప్పుగానే ఇస్తుంది. ఎవరికి ఏదన్నది మార్కులు చెబుతాయి. తనిఖీ అధికారి వచ్చి గదులు, నీళ్ళు, మరుగుదొడ్లు, ప్రయోగశాల, లైబ్రరీ చూసి మార్కులు వేస్తాడు. తక్కువ వస్తే ఆ బడి తనంతట లేవలేదని గ్రాంటు. ఎక్కువ వస్తే మోయగలదని అప్పు. మధ్యలో ఒక గీత ఉంటుంది. మన బడి ఆ గీతకి కొంచెం పైన ఆగింది.

ఆ కొంచెం లైబ్రరీ వల్ల వచ్చింది. 'ప్రత్యేక గది, అరల నిండా పుస్తకాలు, పిల్లల కోసం తలుపు తెరిచే ఉంచుతారు' అని తనిఖీ అధికారి రాశాడు. ఫోటో జతచేశాడు. ఫైలు నా బల్లమీదుగానే వెళ్ళింది. సంతకం నాదే.

నేను చదివినప్పుడు అక్కడ లైబ్రరీ లేదు. ఎప్పుడు కట్టారు? ఎవరు కట్టారు? తెలిస్తే రాయి.

అక్క

*

రంగుల కొట్టు, కిందగది
బయట వాన, లోపల కూడా

అక్కకి,

కట్టింది నేనే. ఇటుక పెట్టలేదు, సిమెంటు కలపలేదు. డబ్బాడు గోధుమరంగు, కాస్త పసుపు, నీడలకి నలుపు. అంతే ఖర్చు.

నాటకాల కంపెనీ మూతపడ్డాక వాళ్ళ తెరల కోసం తెచ్చిన రంగులు నా దగ్గర మిగిలిపోయాయని నీకు చెప్పాను కదా. వేసవిలో హెడ్మాస్టరు పిలిచి, వరండా చివరి గోడకి సున్నం కొట్టమన్నాడు. ఒట్టి సున్నం కొట్టి రావడమంటే నాకు చేతులు దురద. రాజుగారి మందిరాలు వేసిన చెయ్యి ఇది. గోడమీద సగం తెరిచిన తలుపు వేశాను. లోపల అరలు. అరల్లో పుస్తకాలు. అవతల కిటికీ ఉన్నట్టు, దాంట్లోంచి ఎండ వచ్చి బల్లమీద పడుతున్నట్టు. బడి తెరిచిన రోజు హెడ్మాస్టరు "ఇక్కడ తలుపెప్పుడు పెట్టారయ్యా" అంటూ సరాసరి లోపలికి నడిచాడు. నుదురు బొప్పి కట్టింది. ఊరు వారం రోజులు నవ్వింది. ఊరు ఆపేశాక కూడా నేను ఆపలేదు.

తనిఖీ అబ్బాయి వచ్చింది వానరోజున. వరండా మధ్యలో కారుతోందని ఇవతలి చివరే ఆగిపోయాడట. బూట్లు కొత్తవట. అక్కణ్ణుంచే చెయ్యి చూపించి "అది లైబ్రరీయా" అన్నాడట. కాదంటే హెడ్మాస్టరు తన నుదుటి కథ మొత్తం చెప్పుకోవాలి. "అవునండీ" అన్నాడు. "బాగుందే" అని ఆ అబ్బాయి ఫోటో తీసుకున్నాడు. బడిలో గంట కొట్టే ముసలాయన ఇదంతా వచ్చి నాకు చెబితే, ఇదే కుర్చీలో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను.

ఇంకో మాట. మేమంతా సంతోషపడ్డాం కూడా. హెడ్మాస్టరు నన్ను పిలిచి టీ ఇప్పించి, "నీ ధర్మమా అని నాలుగు మార్కులు ఎక్కువే పడతాయి" అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బళ్ళో ఒకటే మాట, మార్కులు ఎక్కువ రావాలి, ఎక్కువ రావాలి. తక్కువొస్తేనే లాభమని ఎవడికి తెలుసు? తెలిసుంటే నన్నే తనిఖీకి కూర్చోబెట్టేవాళ్ళు. తక్కువ తెచ్చుకోవడంలో నన్ను మించినవాడు ఈ ఊళ్ళో పుట్టలేదు.

జోకు వేసినా నవ్వు రావడం లేదు అక్కా. మొదటి ఉత్తరంలో 'ఎవరో ఎక్కడో' అని రాసినప్పుడు, ఇది గోడ పనేనేమో అని నాకు లోపల ఒక మూల తెలుసు. తెలిసే అలా రాశాను. 

ఊళ్ళో ఇంకా ఎవరికీ తట్టలేదు. హెడ్మాస్టరు నా రెండు చేతులూ పట్టుకుని నోరెత్తొద్దన్నాడు. మీ దగ్గర అంతా కాగితమే కదా. ఆ వరసలోంచి పేరు తీసి ఈ వరసలో పెట్టు. మూడో కంటికి తెలియదు.

తమ్ముడు

*

ఆఫీసు
పని వేళలు అయ్యాక

తమ్ముడికి,

పేరు తీసి పక్కన పెట్టడానికి అది నీ కొట్లో నిచ్చెన కాదు.

గ్రాంటు వరసలో ఎన్ని బడులు పడతాయో ఖజానా చెబుతుంది, నేను చెప్పను. మన పేరు అందులోకి ఎక్కితే అట్టడుగున ఉన్న ఇంకో బడి అప్పులోకి దిగుతుంది. ఆ బడి గోడమీద ఎవరూ తలుపు గీయలేదు. వాళ్ళ పిల్లలు కూడా వానలో తడుస్తూనే ఉన్నారు. నాకు తెలుసు, ఆ ఫైలూ నేనే చూశాను.

దారి ఒకటే ఉంది. జాబితా ఖాయం అయ్యేలోపు మన బడి మార్కుల మీద అభ్యంతరం రావాలి. దానికింద బొమ్మ వేసిన మనిషి సంతకం ఉండాలి. అప్పుడు మళ్ళీ తనిఖీ చేస్తారు. తనిఖీ అబ్బాయిని సంజాయిషీ అడుగుతారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, మొన్ననే తల్లిని తెచ్చి దగ్గర పెట్టుకున్నాడు. హెడ్మాస్టరుని అడుగుతారు. ఆ తర్వాత, ఫైలు చూసి సంతకం పెట్టిన ఆవిడ ఎవరని చూస్తారు. బొమ్మ వేసినవాడు ఆవిడ సొంత తమ్ముడని తెలియడానికి ఎంతోసేపు పట్టదు. "తమ్ముడి చేతిపని గుర్తుపట్టలేదా అమ్మా" అని అడుగుతారు. ఈ ఏడు మా పై కుర్చీ ఖాళీ అవుతోంది. అందరూ నాదే అంటున్నారు.

రాయొద్దని నేను చెప్పను. రాయమనీ చెప్పను.

ఒక్కటి అడుగుతాను. ఆ పుస్తకాల వీపులమీద పేర్లేమన్నా రాశావా? ఊరికే అడుగుతున్నాను.

అక్క

*

బడి వరండా మెట్లమీద
వాన వెలిసిన మధ్యాహ్నం

అక్కకి,

నువ్వు జీవితంలో ఏదీ ఊరికే అడగలేదు. బజార్లో ధర కూడా ఊరికే అడగవు. అందుకని ఆ ఒక్క లైను నా జేబులోనే తిరుగుతోంది.

పేర్లు రాశాను. రాయకుండా ఎలా ఉంటాను. లెక్కల మేష్టారి కోసం 'గుణకారము వలన కలుగు గుండెజబ్బులు'. గంటాయన కోసం 'నిద్రలో గంట కొట్టు విధానము'. సైకిల్ షాపువాడి కోసం 'పాడవని భాగములను మార్చుట ఎట్లు'. హెడ్మాస్టరు బొప్పి కట్టించుకున్నాక రాత్రికి రాత్రి ఇంకోటి చేర్చాను, 'నేను, నా నుదురు: ఒక ఆత్మకథ'. మిగతావి గుర్తులేవు.

ఇవాళ ఆ గోడ చెక్కేద్దామని తాపీ పట్టుకుని వచ్చాను. వస్తే అక్కడ పిల్లలున్నారు. దర్జీ మనవరాలు ఒకత్తి ఉంది, ఊరంతా సూదిపిల్ల అంటారు. మనిషి అంత సన్నం, మాట కూడా అంతే, గుచ్చుకుంటుంది. అది గోడ దగ్గర మునివేళ్ళమీద లేచి, పై అరలోంచి ఒక పుస్తకం తీసింది. తీయడమంటే ఏముంది, వేళ్ళు గోడమీద పెట్టి వెనక్కి లాగింది. రెండు చేతులూ తెరిచి, ఆ ఖాళీ చేతుల్లోకి చూస్తూ వచ్చి మెట్టుమీద కూర్చుని చదవడం మొదలెట్టింది. చుట్టూ పదిమంది మూగారు. ఒక పిల్లాడు ఇంకో పుస్తకం తీయబోతే పక్కవాడు చెయ్యి పట్టుకున్నాడు. "అది నిన్న నేను తీసుకెళ్ళా. ఇంటి దగ్గరుంది. రేపు తెస్తా." ఆ పిల్లాడు సరేనని వేరేది తీసుకున్నాడు.

బడి తెరిచిన దగ్గర్నించీ ఇదే జరుగుతోందట. నేను ఇన్నాళ్ళూ నుదుర్లు ఎన్ని పగిలాయో చూసుకున్నానే కానీ ఇది చూడలేదు.

"ఏం పుస్తకమే అది" అన్నాను.

"గుండెజబ్బులు మామయ్యా."

"ఏముంది అందులో?"

చెప్పింది. ఒక ఊళ్ళో మనుషులకి ఒకళ్ళ గుండె ఇంకొకళ్ళకి వినబడేదట. ఎవరైనా బాధపడితే ఊరంతా నిద్రపోలేకపోయేవాళ్ళట. లెక్కల మేష్టారు దానికి ఏదో మందు కనిపెట్టాడట. మందు సంగతి నాకు వినబడలేదు. నా తాపీ ఎక్కడ దాచాలా అని చూసుకుంటున్నాను.

తర్వాత అది గోడవైపు చూసి అంది, "కథలు బాగుంటాయి గానీ పేర్లు బాగోవు మామయ్యా. అన్నీ ఎవరో ఒకర్ని ఏడిపించేవే. రాసినాయనకి వేరే పేర్లు రావేమో పాపం."

రాసినాయన దాని ముందే నిలబడి ఉన్నాడని దానికి తెలుసో తెలియదో. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పాపం అన్న మాట ఒకటి ఇంకా దిగడం లేదు.

గోడ చెక్కకుండానే వచ్చేశాను. దారిలో టీ కొట్టు దగ్గర అందరూ అప్పు గురించే. రొట్టెల కొట్టాయన బల్ల గుద్ది చెబుతున్నాడు, "మనకి తెలియకుండా మన నెత్తిన అప్పు రాసిన పెద్దమనిషి ఎవడో వాడు వచ్చి కట్టమనండి." అందరూ నావైపు చూశారు, ఏదో ఒక వెటకారం వేస్తానని. నేను టీ తాగుతూ కూర్చున్నాను. "ఏంట్రా, నోటికి కూడా సున్నం కొట్టుకొచ్చావా" అన్నాడు సైకిల్ షాపువాడు. సభలో అప్పు వద్దనే చెబుతారు. తేలిపోయింది.

అభ్యంతరం రాశాను అక్కా. కుంచెల సొరుగులో అడుగున పెట్టాను. తీసి పోస్టులో వేస్తే నీ మొహాన రంగు పూసినట్టు. వేయకపోతే సూదిపిల్ల మొహాన. చిన్నప్పట్నుంచీ నేను చేసిన వెధవ పనులకి నువ్వే వెళ్ళి అందరి ముందూ తలొంచుకునేదానివి. ఈ వయసులో కూడా అదేనా అని సొరుగు తీయడం, మూయడం.

ఇంకో పుస్తకం పేరు నీకు చెప్పలేదు. చెప్పలేను.

తమ్ముడు

*

ఇంటి నుంచి, వంటగది బల్లమీద
చలి మొదలైంది

ఒరే తుంటరీ,

నువ్వు చెప్పలేనన్న పేరు నేను చెబుతాను. 'మా అక్క ఎందుకు నవ్వదు, పదహారో ముద్రణ.' కింది నుంచి రెండో అర, ఎడమ పక్క. ఎర్ర అట్ట.

ఫైలు వచ్చిన రోజే చదివాను. నీ మొదటి ఉత్తరం రాకముందే. ఫోటోలో లైబ్రరీ ఎండ చూసి అనుమానం వచ్చింది. బయట వాన పడుతుంటే ఆ గదిలోకి ఎండ ఎక్కణ్ణించి వచ్చింది? కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. తలుపు అంచు నీడ చూడగానే నీ చెయ్యని తెలిసిపోయింది. ఒక్కొక్క పేరూ చదువుకుంటూ వెళ్ళాను. గుణకారం దగ్గర నిజంగానే నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎర్ర అట్ట కనబడింది.

పక్క సీటావిడ "ఏంటి మేడం, అంత దగ్గరగా చూస్తున్నారు" అంది. "ఏం లేదు, లైబ్రరీ" అన్నాను. మూసేశాను. సంతకం పెట్టాను.

హెడ్మాస్టరు నుదురు దాచుకోవడానికి అవునన్నాడు. నేను మొహం దాచుకోవడానికి అన్నాను. అది బొమ్మ అని చెబితే, అందరూ చూడటానికి వస్తారు, చదువుతారు, ఆ అక్క ఎవరని అడుగుతారు. ఈ గదిలో నేను నవ్వననే పేరు ముందే ఉంది. అది ఒకటి. ఇంకోటి కూడా ఉంది. 'వాడి ఊరు, వాడి గోడ, వాడే తీర్చుకుంటాడు' అని ఒక మాట లోపల అనుకున్నాను. కోపంలో అనుకున్నా అనుకున్నదే. ఆ క్షణంలో నాకు పిల్లలు గుర్తురాలేదు. ఇరవై ఏళ్ళుగా బడుల ఫైళ్ళు చూస్తున్నాను. నా బడి ఫైలు దగ్గర నాకు పిల్లలు గుర్తురాలేదు.

ఆపైన నిన్ను 'ఎవరు కట్టారు' అని అడిగాను చూడు, అన్నీ తెలిసి. నువ్వు అబద్ధమాడతావా, నిజం చెబుతావా అని తనిఖీ చేశాను. నువ్వు రెండో ఉత్తరానికే ఒప్పేసుకున్నావు. నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఎందుకు నవ్వనో కూడా చెబుతాను, మళ్ళీ ముద్రణలు వేయకుండా. మనింట్లో కూడా పంపకం మా ఆఫీసులో లాగే జరిగింది. నాకు మార్కులొచ్చాయి, మోయగలననుకున్నారు, నాకు అప్పు. నాన్న చదివించారు, "చదివించాం కదమ్మా" అని ప్రతి ఉత్తరంలో రాశారు, మొదటి జీతం నుంచీ తీరుస్తూ వచ్చాను. నువ్వు తప్పావు. పాపం వీడు తనంతట లేవలేడన్నారు. నీకు అన్నీ గ్రాంటు. రంగులు, కుంచెలు, కొట్టు, కొట్టు మీద గది. ఎవరూ తిరిగి అడగలేదు. గ్రాంటు డబ్బు ఆకాశం నుంచి రాదని, ఎవరో కడితేనే వస్తుందని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. నాన్న చేతుల్లోంచి నీకు వచ్చింది ఎవరిదో ఒక్కసారైనా అడిగావురా? నెలనెలా కట్టుకునేవాళ్ళకి నవ్వడానికి తీరిక ఉండదు. అంతే. పుస్తకం రాయాల్సినంత రహస్యం కాదు.

ఇది దెప్పడానికి రాయడం లేదు. రాశాక దెప్పినట్టే ఉంది. సరే, ఉండనీ.

ఇవాళ పొద్దున్నే మా పై అధికారి గదికి వెళ్ళి, బొమ్మ అని తెలిసే సంతకం పెట్టానని రాసిచ్చాను. తనిఖీ అబ్బాయి తప్పుకంటే చూసి ఊరుకున్న నా తప్పు పెద్దదని కూడా రాశాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "మీరా అమ్మా" అన్నారు. ఆ రెండు మాటల కింద నేను చాలాసేపు నిలబడ్డాను.

నీ సొరుగు తెరువు.

అక్క

*

బడి, వరండా చివర
సున్నం ఆరుతుండగా

అక్కా,

నీ ఉత్తరం చదివి కొట్టు మూసేశాను. ఈ కొట్టు అద్దె అడ్వాన్సు నాన్న ఎక్కడ తెచ్చాడో నాకు ఎప్పుడూ అనుమానం కూడా రాలేదు. పైన బోర్డు మీద నా పేరు అంతెత్తున నేనే రాసుకున్నాను. నీడలు కొట్టి మరీ.

అభ్యంతరం ఆ రోజే పోస్టు చేశాను. మళ్ళీ తనిఖీకి ఒక పెద్దావిడ వచ్చింది. చలి ముసురులో వరండా ఈ చివరి దాకా తడుస్తూ నడిచి, గోడని వేలితో కొట్టి చూసింది. నేను పక్కనే నిలబడ్డాను. "వేసింది మీరేనా" అంది. అవునన్నాను. "బాగుంది" అంది. ఇన్నేళ్ళలో నా పనిని ఎవరైనా బాగుందంటే నేల చూడటం ఇదే మొదటిసారి.

నిన్ను పంపకాల బల్ల దగ్గర్నించి తీసేసి పాత కాగితాల గదిలో కూర్చోబెట్టారని బావ రాశాడు. పై కుర్చీ ఇంకెవరికో ఇచ్చారట. నువ్వు నాకు రాయలేదు. రాయవని తెలుసు. తనిఖీ అబ్బాయిని మందలించి వదిలేశారని మాత్రం రాశావు.

ఆర్డరు వచ్చింది. నువ్వన్న ఆ ఇంకో బడి గ్రాంటులోనే ఉందట, దాన్ని కదపలేదు. ఖజానాలో ఇంకా మిగిలిన కొంచెం తీసి మన వెనక గదుల కప్పుకి గ్రాంటు ఇచ్చారు. కొత్త గదులు కావాలంటే వాటికి అప్పు. సగం అది, సగం ఇది.

సభలో నేనే లేచాను. హెడ్మాస్టరు నా చొక్కా పట్టుకుని లాగాడు, ఆ తర్వాత వదిలేసి తనూ లేచి పక్కన నిలబడ్డాడు. మొత్తం చెప్పాను. నీ పుస్తకం పేరు తప్ప. ఎప్పుడూ నేను లేస్తే ముందే నవ్వడానికి సిద్ధంగా ఉండే మొహాలు, ఒక్కటీ నవ్వలేదు. రొట్టెల కొట్టాయన లేచి, "అయితే మొదటి వంతు నువ్వు కట్టు" అన్నాడు. కడతానన్నాను. "నీ మొహం, నువ్వేం కడతావు, ముందు నా బోర్డు బాకీ పని పూర్తి చెయ్యి" అని కూర్చున్నాడు. కూర్చునే చెయ్యెత్తాడు. సగమే కదా అని మిగతావాళ్ళూ ఒక్కొక్కళ్ళే ఎత్తారు. పై తరగతులు ఉంటాయి. నన్ను క్షమించారో లేదో తెలియదు. టీ కొట్టులో నాకు చోటు జరుపుతున్నారు, మాటే కాస్త తగ్గించారు.

గోడకి సున్నం కొట్టేయమని ఆర్డరులో చివరి లైను. ఇవాళ పొద్దున బకెట్టూ కుంచే తీసుకుని వస్తే పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఏంటర్రా అంటే, తీసుకెళ్ళిన పుస్తకాలు తిరిగి ఇచ్చేస్తారట. సున్నం కొట్టాక పెట్టడానికి చోటుండదు కదా అన్నారు.

నేను బకెట్టు కింద పెట్టాను. ఒక్కొక్కళ్ళూ వచ్చి ఖాళీ చేతులు చాపారు. ఒక్కో పుస్తకం అందుకుని, ఏ అరలోదో అడిగి, గోడమీద పెట్టాను. ఒకడు "కొంచెం చిరిగింది" అన్నాడు. పర్లేదులే అన్నాను. నేను వెటకారం చేస్తున్నానేమో అని పెద్ద పిల్లలు నా మొహం వంక చూశారు. చేయలేదు అక్కా. ఒట్టు.

చివర్న సూదిపిల్ల వచ్చింది. రెండు చేతులతో పట్టుకొచ్చింది. చూడగానే నాకు తెలిసిపోయింది, కింది నుంచి రెండో అర, ఎడమ పక్క.

"చదివావా" అన్నాను.

"రెండుసార్లు చదివా. కానీ ఎందుకు నవ్వదో అందులో ఎక్కడా రాయలేదు మామయ్యా."

"రాసినవాడికి అప్పటికి తెలియదమ్మా" అన్నాను.

అది తలూపి, పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అన్నిటికంటే ముందు దానిమీదే సున్నం కొట్టాను.

తమ్ముడు